అవ్వ అంగడి తలుపు

పావగడ బస్టాండులో చలివేంద్రం కుండలకు చుట్టిన గోనెసంచుల మీద ఎవరో చెంబుతో నీళ్లు చిలకరిస్తుంటే, ఆ తడి గోనె వాసన ముక్కుకు తగిలి, ఎక్కవలసిన బస్సు కళ్లముందే కదిలిపోతున్నా అలాగే నిలబడిపోయాను. నాకేమంత వయసు మీద పడలేదు. ఇక్కడి ప్రైవేటు బడిలో టీచరుగా చేరి రెండేళ్లయినా కాలేదు, చిన్నతనాన్ని తలుచుకుని నిట్టూర్చేంత పెద్దదానివా అని తోటి టీచర్లు వెక్కిరిస్తారు. కానీ నా చిన్నతనం గడిచిన చోటు నాకంటే ముందే వెళ్లిపోయింది, నేనేం చేయను.

వల్లూరులో మా నాయన తల్లి, మా అవ్వ, చిల్లర అంగడి నడిపేది. బండరాళ్లతో కట్టిన గది, పైన మట్టి మిద్దె, పడమటి ముఖం. అలాంటి ముఖమున్న అంగడిలో ఎండాకాలం మధ్యాహ్నం మనిషి కూర్చోగలిగాడంటే అది పూర్తిగా ఆ తలుపు పుణ్యమే. అది రెక్కల తలుపు కాదు. పైనా కిందా గాడి తీసిన దూలాల మధ్య, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టే ఏడు చెక్క పలకలు. పొద్దున అవ్వ అన్నీ తీసి గోడకు ఆనించేది. పది దాటి గాలి వేడెక్కడం మొదలవగానే నాలుగు పెట్టేసేది, మిట్టమధ్యాహ్నానికి ఒక్కటి తప్ప అన్నీ పెట్టి, ఆ ఒక్క సందుకూ తడిపిన గోనెసంచి వేలాడదీసేది. వచ్చినవాళ్లు పక్కకు తిరిగి, సంచి తప్పించుకుని లోపలికి దూరి, మళ్లీ సంచి సరిచేయాలి. సరిచేసిన పిల్లలకు బెల్లం ముక్క, మరిచిన పెద్దలకు తిట్లు. పిండిమర ఓబక్క మాత్రం ఆ సందులో పట్టేది కాదు. "నీ కోసరం ఇంగో పలక తీస్తే ఊరి ఎండంతా నీ యనకాలే వస్తాది, ఆడనే నిలబడి ఏం గావాల్నో చెప్పు," అని అవ్వ అంటే, ఓబక్క ఎండలోనే నిలబడి నవ్వేది.

లోపల చీకటి. మిద్దెకున్న గవాక్షం నుంచి పడే వెలుతురు నేల మీద మెల్లగా జరుగుతుంటే అదే మాకు గడియారం. ఫ్యాను లేదు, ఉన్న ఒక్క బల్బూ పొద్దుగూకాకే వెలిగేది. బెల్లం, చింతపండు, కిరసనాయిలు, తడి గోనె, అన్నిటి వాసనా కలిసిన ఆ చల్లదనంలోకి, విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలిచే రోజుల్లో చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేటలతో వచ్చి చేరేవాళ్లు. కాయలు చిట్లే చప్పుడు, వాళ్ల ఎడతెగని మాటలు, మూలన గులకరాళ్లతో మా అచ్చనగండ్ల ఆట, ఉగాది మర్నాడైతే మిగిలిన పూర్ణం ఓళిగలు తెచ్చుకుని తలా ఇంత తుంచుకోవడం. ఆషాఢంలో పడమటి గాలి దుమ్మెత్తి కొడితే అవ్వ ఏడో పలక కూడా పెట్టేసి, పెరటి తలుపు దగ్గర నుంచే బేరం చేసేది. పొద్దు వాలాక మాత్రం ముందూ వెనకా బార్లా తెరిచి బండల మీద నీళ్లు చల్లితే, గాలి అటు నుంచి ఇటు పోతూ గదంతా చల్లబరిచేది. మధ్యాహ్నం ఎవరైనా మరిచి రెండు వైపులా తెరిచారో, అవ్వ గొంతు వీధి చివరికి వినిపించేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా చేలు సోలార్ పార్కుకు కౌలుకు పోయాయి. వేరుశెనగ పండిన నేల మీద కనుచూపుమేర ప్యానెళ్లు పరుచుకున్నాయి. ఒలవడానికి కాయలు లేక, చేటలు పట్టుకొచ్చిన ఆడవాళ్లలోనే కొందరు ప్యానెళ్లు కడిగే పనికి పోయారు. బయటి ఊళ్ల నుంచి ఇంజినీర్లూ పనివాళ్లూ వస్తూంటే మా నాయనకు అంగడి మీద కొత్త ఆశ పుట్టింది. గాజు తలుపు పెట్టాలి, ఏసీ పెట్టాలి, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టాలి.

"కరెంటు మన చేన్లోనే పండుతాండాదిమ్మా. ఇంగ ఈ చీకట్లో కూసుండే ఖర్మ మనకేంది?" అన్నాడు అవ్వతో.

"నేను ఉన్నన్నాళ్లు ఆ పలకలు ముట్టొద్దు నాయనా. నేను పోయినాంక నీ ఇష్టం," అంది అవ్వ.

"ముట్టనులేమ్మా, నీ మీదాన," అని నాయన ఆమె చేతిలో చెయ్యి వేశాడు. నేను పక్కనే కూర్చుని పొట్లాలు కడుతున్నాను, చెవులారా విన్నాను.

నెల తిరక్కుండానే, అవ్వ కంట్లో పొర ముదిరిందని, హిందూపురంలో ఆపరేషన్ చేయిస్తానని నాయన తనంతట తానే అన్నాడు. కొడుక్కి తన మీద ఎంత ప్రేమో అని అవ్వ వీధంతా చెప్పుకుంది. ఆపరేషన్ అయ్యాక పది రోజులు అక్కడే మా మేనత్త ఇంట్లో ఉండాలని ఏర్పాటు. ఆమె వెళ్లిన మర్నాడే గాజు తలుపువాళ్లు టేపు పట్టుకుని దిగారు.

"అవ్వకు ఫోన్లో చెప్పొద్దుమ్మే. వచ్చి చూసి సంబరపడ్తాది," అన్నాడు నాయన. సంబరపడదని నాకు తెలుసు. అయినా నిజం చెప్పాలి, పావగడ బట్టల అంగడి లాంటి తలుపు మాకూ వస్తుందంటే నాకు మహా ఉబలాటంగా ఉండింది. అవ్వ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "మద్యాన్నం పలకలు పెడ్తాండావా? గోతం తడుపుతాండావా?" అని అడిగేది. "తడుపుతాండానవ్వా," అనేదాన్ని. పది రోజులూ అదే మాట చెప్పాను.

ఏసీ పెట్టిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఒకరు లోపలికి వస్తే ఇద్దరు గడప మీద నిలబడి, గాజు తలుపును మోచేత్తో తెరిచి పట్టుకుని కబుర్లాడారు. ఏసీ వీధిని చల్లబరుస్తూ రొప్పింది. తలుపు మూయండని నేనంటే, "ఉండనీలేమ్మే, మనకు కరెంటుకేం కరువు," అని నాయన నవ్వాడు. ఓబక్క మొదటిసారిగా తిన్నగా నడిచి లోపలికి వచ్చి, చుట్టూ చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. చేలో ఎంత పండినా కరెంటు మా అంగడికి మాత్రం ఆ పాత స్తంభం నుంచే, ఆ పాత వేళలకే వచ్చేది. మధ్యాహ్నం పోయిందంటే ఆ గాజు వెనక కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే.

అలాంటి మధ్యాహ్నమే అవ్వ షేర్ ఆటోలో దిగింది. నల్లద్దాలు, లోపల ఒక కంటికి పట్టీ, రెండో కన్ను ముందు నుంచీ అంతంత మాత్రమే. నా చెయ్యి పట్టుకుని, ఎండకు తల వంచుకుని అంగడి ముందుకు వచ్చింది. ఉక్క భరించలేక నాయన గాజు తలుపుకు రాయి అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచాడు. అవ్వ అలవాటు కొద్దీ పక్కకు తిరిగింది. పలక కోసం ఒక చెయ్యి చాచి, ఇంకో చేత్తో సంచి తప్పించబోయింది. చేతికి ఏమీ తగల్లేదు. అలా పక్కవాటుగానే రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఎండ లోపలికెట్ల వచ్చినాది?"

"కరెంటు రానీమ్మా, ఎంత సల్లగుంటాదో నీకే తెలుస్తాది," అన్నాడు నాయన.

"నా కంటికి పట్టీ కట్టించి పలకలు తీసినావా నాయనా," అంది. గొంతు పెంచలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "రోజూ గోతం తడుపుతాండానంటివే."

పలకలు మిద్దె మీద భద్రంగా ఉన్నాయని తీసిన రోజే నాయన నాతో అన్నాడు. ఆ సాయంత్రం ఎక్కి చూస్తే అక్కడ ఒక్కటీ లేదు. పనివాళ్ల షెడ్డుకు వంటచెరకుగా ఎప్పుడో ఇచ్చేశాడట. నన్ను కూడా నమ్మించి మోసం చేశాడని ఎంత ఏడ్చానో.

అవ్వ కన్ను బాగుపడింది, సూదిలో దారం తనే ఎక్కించుకునేది. అంగడిలో మాత్రం మళ్లీ కూర్చోలేదు, ఇంటి వెనక గదిలోనే ఉండేది. ఎండాకాలం పది దాటగానే, ఎవరూ చెప్పకుండానే, నేను వెళ్లి ఆ గది తలుపూ కిటికీలూ మూసేదాన్ని. నేను అటు తిరగ్గానే ఆమె లేచి వచ్చి, గడియ పడిందో లేదో చేత్తో తడిమి చూసుకుని, వెళ్లి పడుకునేది. అంత బాగా కనిపిస్తున్నా తడిమేది. నాలుగేళ్లు, ఆమె చివరి ఎండాకాలం దాకా, ఒక్క రోజైనా నా చేతిని నమ్మలేదు.

ఇప్పుడు ఆ గాజుకు లోపలి నుంచి అట్టముక్కలు అంటించి ఉన్నాయి. ఏసీ ఎప్పుడో పాడైతే బాగుచేయించలేదు. అంగడికి వచ్చినవాళ్లు కావలసింది తీసుకుని వెళ్లిపోతారు తప్ప కూర్చునేవాళ్లు లేరు, కాయలు ఒలిచేవాళ్లు అసలే లేరు. పన్నెండు నుంచి నాలుగు దాకా నాయనే మూసేస్తున్నాడు. మొన్న వెళ్తే, "ఆ పలకలుంటే బాగుండుమ్మే," అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఒళ్లు మండింది. అయినా ఏ ముఖంతో అడగను, ఫోన్లో అబద్ధం చెప్పింది నేనే కదా.

పావగడలో నేనుండే అద్దె గదికి కూడా పడమటి తలుపే. సెలవు రోజుల్లో ఎండ ముదరకముందే దాన్ని మూసి గడియ వేస్తాను. వేసి, వెంటనే కదలను, కాసేపు అక్కడే నిలబడతాను. వెనక నుంచి లేచి వచ్చి తడిమి చూసేవాళ్లు ఎవరూ లేరు.