డ్రైవరు బావ బండికి రెండు టోపీలు

మా డ్రైవరు బావ ముప్పై నాలుగేళ్ళు లారీ నడిపాడు. మనిషిని కాదు కదా, మేకపిల్లను కూడా గుద్దలేదు. ఈ మాట ఆయన ఎక్కడా చెప్పుకోడు కాబట్టి నేను చెబుతున్నాను. నా సంగతి వేరు, నావి నేనే చెప్పుకుంటాను. ఊరి బడిలో ఐదు తరగతులు చదివి, బళ్ళకు టాపులు కట్టే షెడ్డులో చేరి, చేరిన పదకొండేళ్ళకల్లా మేస్త్రీనయ్యాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆరువందల బళ్ళకు టాపులు వేశాను. అంబులెన్సులు, ఊరూరా తిరిగే పుస్తకాల బళ్ళు, ఐసు బళ్ళు, చివరి పన్నెండేళ్ళూ జీపుకు తగిలించి లాగే ట్రైలరు ఇళ్ళు. నా చేతి మీదుగా గేటు దాటిన బండి ఒక్కటి కూడా కారుతోందని తిరిగి రాలేదు. షెడ్డు ఆఫీసు గోడ మీద నా ఫొటో ఉంది. నేను బతికుండగానే పెట్టారు.

బావ నాకంటే రెండేళ్ళు పెద్ద. మా చెల్లెల్ని చేసుకున్నాడు. నెలకు ఇరవై అయిదు రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. చెల్లెలు నూలు మిల్లులో పని చేసేది. ఇంటి నుంచి మిల్లుకూ మిల్లు నుంచి ఇంటికీ తప్ప మరో దారి ఎరగదు. ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా తాను చూసిన కొండలూ, వంతెనలూ, సముద్రం పక్కన రోడ్లూ చెప్పేవాడు. ఆవిడ బియ్యం ఏరుతూ "చూసినవాళ్ళకు చెప్పండి, నమ్ముతారు" అనేది. "నువ్వు మిల్లు మానేసిన రోజున బండి ఎక్కించుకుని అన్నీ చూపిస్తానే" అనేవాడు ఆయన.

మాట తప్పే మనిషి కాదు. పని మానేశాక ఒక పాత ట్రైలరు ఇల్లు కొన్నాడు. పొయ్యి ఒక పక్క, మంచం ఒక పక్క, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. దాన్ని లాగడానికి ఒక జీపు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, మూతపడిన రంపపు మిల్లు వెనక గోడకు ముక్కు ఆనించి బండి పెట్టుకున్నారు. ఒక పక్క మిల్లు షెడ్డు, ఇంకో పక్క కరెంటు స్తంభం, వెనకాల బీడు. రెండు నెలల్లో బయలుదేరాలని అనుకున్నారు.

ఆ రెండు నెలలు మూడేళ్ళయ్యాయి. ముందు బావ కళ్ళు పోయాయి. పూర్తిగా పోలేదు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు కనిపించవు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందని చెప్పాడు. కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదన్నారు. లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. తరవాత చెల్లెలి ఊపిరితిత్తులు. ఇరవై ఆరేళ్ళ నూలు పొట్టు ఎక్కడికి పోతుంది? జీపు ఆసుపత్రి ఖర్చులకు పోయింది. అయినా బావ ఏ రోజూ ఇక్కడే ఉంటామని అనలేదు. "ఎవడో ఒక డ్రైవరు దొరుకుతాడు, వాడి పక్కన కూర్చుని దారి నేను చెబుతా" అనేవాడు. చెల్లెలు తలూపేది.

ఒక రోజు బస్సులో మా ఇంటికి వచ్చాడు.

"ఏం బావా, ఇంకా ఆరువందల బళ్ళ కథేనా? ఆరువందల ఒకటోది ఉంది, వస్తావా?"

"కారుతోందా?"

"కారడం లేదు. కారకుండా మూతలు వేసేస్తున్నాం కదా, అదే చావొచ్చింది. మీ చెల్లెలికి ఊపిరి ఆడటం లేదు."

ట్రైలరు ఇళ్ళ టాపుకు బెజ్జం పెట్టి ఫ్యాను బిగిస్తారు. పైన ఒక మూత ఉంటుంది. ఎండ కాస్తే తెరవాలి, వాన వస్తే మూయాలి. వీళ్ళ బండికి రెండున్నాయి, ఒకటి పొయ్యి మీద, ఒకటి మంచం మీద. డాక్టరేమో గాలి ఆడుతూనే ఉండాలన్నాడు. కిటికీలు తెరుద్దామంటే ఒకటి షెడ్డు గోడకు అంటుకుపోయింది, రెండోది తెరిస్తే మిల్లు వాళ్ళు వదిలేసిన రంపపు పొట్టు గుట్ట. వానాకాలం ముంచుకొస్తోంది. మూత వేసిన పావుగంటకే ఆవిడ లేచి కూర్చుని మంచం కోడు పట్టుకుంటోందని చెప్పాడు బావ.

దీనికి మందు నా దగ్గరుంది. మూత తెరిచి ఉన్నా వాన పడకుండా ఫ్యాను మీద ఒక కవరు బిగిస్తారు. మా షెడ్డులో టోపీ అంటాం. పైనా, మూడు పక్కలా మూసి ఉంటుంది, నాలుగో పక్క చీలికలుంటాయి. గాలి ఆ చీలికల నోట్లోంచి వస్తుంది, పోతుంది. ఇలాంటివి ఎన్ని వేశానో నాకే గుర్తు లేదు. వాటిలో ఒక్కదానికి కూడా టాపులో కొత్త బెజ్జం వేయలేదు. ఫ్యాను చట్రానికే నాలుగు పట్టీలు బిగించి, వాటి మీద టోపీ నిలబెడతాను. అది నేను కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు, నా పేరు మాత్రం చెప్పరు.

"నాకు టోపీ వేయడానికి ఇన్నేళ్ళు పట్టిందా బావా నీకు?" అని నవ్వాడు.

"నీకు ఎప్పుడో వేశాం, మా చెల్లెల్ని ఇచ్చినప్పుడే" అన్నాను.

మర్నాడే పొద్దున్న నిచ్చెన వేసుకుని ఎక్కాను. డెబ్బై ఒకటో ఏట నిచ్చెన ఎక్కి చూపించమనండి ఇప్పటి కుర్రాళ్ళని. మంచం మీది ఫ్యాను మూత ఎత్తి వంగి చూస్తే, రెక్కల సందుల్లోంచి కింద చెల్లెలి మొహం కనిపించింది. వెల్లకిలా పడుకుని నన్నే చూస్తోంది.

"అన్నయ్యా, నీ ముక్కు మీది చెమట నా కంట్లో పడుతోంది."

"పక్కకి జరుగు మరి."

"జరిగితే నువ్వు కనపడవు. కిందనుంచి చూస్తే ఎంత పెద్ద ముక్కో నీది! ఎదురుగా చూస్తే ఎప్పుడూ తెలియలేదు."

పట్టీలు బిగించాను, ఒక్కో నట్టు కింద రబ్బరు వాషరు వేశాను. టోపీ దించి పెడుతుంటే కింద నుంచి బావ అడిగాడు. "నోరు వెనక్కే కదా బావా?"

"డ్రైవరువి నువ్వు చెప్పాలా నాకు? వెనక్కే."

బండి పరిగెడుతుంటే ఎదురుగాలి ముందు నుంచి తన్నుకొస్తుంది. టోపీ నోరు ముందుకుంటే ఆ గాలి లోపల దూరి టోపీని చట్రంతో సహా పెరికేస్తుంది. అందుకని నోరు బండి వెనక వైపే ఉండాలి. నలభై మందికి నేర్పిన పాఠం ఇది. చెయ్యి దానంతట అదే అటు తిప్పింది. బావ మొహం వెలిగిపోయింది. రెండో టోపీ కూడా అలాగే బిగించి, దిగి, భోంచేసి వచ్చేశాను.

నాలుగో రోజు పెద్ద వాన. అయిదో రోజు పొద్దున్న చెల్లెలు ఫోను చేసింది. "ఏం లేదు అన్నయ్యా, ఊరికే. వీలుంటే ఒకసారి రా" అంది. ఊరికే రమ్మనే మనిషి కాదు మా చెల్లెలు.

వెళ్ళేసరికి పరుపు బయట నిచ్చెనకు ఆనించి ఉంది, నీళ్ళు ఓడుతోంది. రెండు మూతలూ వేసేశారు. లోపల చెల్లెలు చెక్క మీద దుప్పటి పరుచుకుని కూర్చుంది. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"కారింది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

"కారలేదు" అన్నాడు బావ. "కొట్టింది."

బయటికి వచ్చి బండి వెనక నిలబడ్డాను. బీడు మీంచి గాలి తిన్నగా నా మొహానికి తగిలింది. ఈ చోట వాన ఎప్పుడూ అటునుంచే వస్తుందట. బండికి ముందు గోడ, వెనక బీడు. టోపీల నోళ్ళు రెండూ బీడుకేసి తెరుచుకుని, వచ్చిన వాననంతా మింగాయి. పరిగెత్తే బండికి గాలి ఎదురొస్తుంది. నిలబడ్డ బండికి గాలి తన ఇష్టం వచ్చిన వైపు నుంచి వస్తుంది. ఆరువందల బళ్ళు చేసిన నాకు ఇది తట్టలేదు. ఎందుకంటే మా షెడ్డు నుంచి బండి బయటికి వెళ్ళేది పరిగెత్తడానికే.

"అరగంట పని బావా. నట్లు తీసి రెండూ ఇటు తిప్పేస్తాను. నోళ్ళు గోడ వైపు పెడితే చుక్క పడదు. మూతలు తెరుచుకోవచ్చు."

"వద్దు."

"వద్దేమిటి?"

"నోరు ముందుకు పెడతావా? రేపు బండి కదిలితే మొదటి మలుపులోనే ఊడి ఎవడి నెత్తిన పడుతుందో!"

"అప్పుడు మళ్ళీ తిప్పుకుందాం."

"దారిలో నువ్వుంటావా తిప్పడానికి? వద్దన్నానుగా. మీద పట్టా కడతాను."

"పట్టా కడితే గాలి ఎలా ఆడుతుంది? అసలు ఈ బండి ఎవరు కదుపుతారు బావా?"

అనకూడని మాట. అనేశాను. బావ నా వైపు తిరిగాడు, కానీ ఎదురుగా నేను ఎక్కడున్నానో వెతుక్కుంటున్నట్టు తల రెండు సార్లు తిప్పాడు. తరవాత పరుపు దగ్గరికి వెళ్ళి దాన్ని పిండుతూ నిలబడ్డాడు, పరుపును పిండగలిగినట్టు.

చెల్లెలు లోపలినుంచి నన్ను పిలిచింది. దగ్గరికి వెళ్తే గొంతు తగ్గించింది.

"ఊరుకో అన్నయ్యా. కూర్చుంటే ఆడుతుంది ఊపిరి. మిల్లులో మాత్రం ఆడిందా ఏం?"

"వాడి పట్టుదలకు నువ్వు చస్తావా?"

"ఆయన్ని వాడూ వీడూ అనకు" అంది. దగ్గు వచ్చింది, అయ్యేదాకా ఆగింది. "బండి వెళ్తుందని ఆయన లేస్తున్నారు పొద్దున్నే. లేచి అన్నం తింటున్నారు. నాకు అది చాలు. తిప్పొద్దు."

నిచ్చెన అక్కడే వదిలేసి వచ్చాను. వారం రోజులు వాన పట్టింది. రోజూ ఫోను చేశాను. మొదట ఆవిడే ఎత్తి "నేను బాగానే ఉన్నా" అనేది, ఆ మూడు ముక్కలకు మధ్యలో రెండు సార్లు ఆగేది. చివరి రెండు రోజులూ బావ ఎత్తాడు. "పడుకుంది" అని పెట్టేశాడు. ఆవిడ పడుకోలేదని ఇద్దరికీ తెలుసు.

ఎనిమిదో రోజు వెళ్ళాను. వాన కాస్త తెరిపిచ్చింది. బావ నిచ్చెన మొదట్లో బురదలో కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం, చేతిలో స్పానరు. ఎక్కబోయాడు. కాలి కింద మెట్టు కనపడక జారాడు.

"లోపల నీలంగా అయిపోయిందిరా పెదవి" అన్నాడు. నలభై ఆరేళ్ళలో ఆయన నన్ను 'రా' అనడం అదొక్కసారే. "తిప్పెయ్యి బావా. రెండూ తిప్పెయ్యి."

ఎక్కాను. టోపీ చీలికల్లోంచి చెయ్యి దూర్చి మూత ఎత్తగానే కింద చెల్లెలి మొహం. ఈసారి కూర్చునే తల పైకెత్తింది. మెడ నరాలు తాళ్ళలా ఉన్నాయి.

"తిప్పొద్దు... అన్నయ్యా. కంగారులో... అన్నారు."

"ఆయనే అడిగాడమ్మా."

"అందుకే వద్దంటున్నా."

నేను నట్టు వదులు చేశాను. ఏం చెయ్యమంటారు? పైనుంచి చూస్తున్నది నేను, కింద ఊపిరి అందనిది నా తోడబుట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఒక్కో టోపీకి నాలుగు నట్లు. ఎనిమిదీ తీశాను, తిప్పాను, బిగించాను. కింద నుంచి బావ ఒక్కసారే అడిగాడు, "అయిందా?" అని. నోరు ఎటు పెట్టావని అడగలేదు.

మధ్యాహ్నం మళ్ళీ కురిసింది. ముగ్గురం లోపల కూర్చున్నాం. మూతలు తెరిచి ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టోపీల మీద వాన డప్పులా కొడుతోంది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. అంత గాలివానలో చుక్క రాకుండా పని చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి. గంట గడిచేసరికి చెల్లెలి భుజాలు నిదానించాయి. గోడకు ఆనుకుని కళ్ళు తెరిచింది.

"ఆడుతోందా?" అన్నాడు బావ.

"ఆడుతోంది" అంది.

"బాగుంది. ఇక గుమ్మానికి నంబరు వేయించుకోవచ్చు."

నవ్వించాలనే అన్నాడు. ఆవిడ నవ్వబోయింది కూడా. ఎవరికీ నవ్వు రాలేదు. పోయిన ఊపిరితిత్తులు ఎలాగూ తిరిగి రావని డాక్టరు అంతకు ముందే చెప్పాడు. మేము గెలిచింది ఒక వానాకాలం మాత్రమే అని ముగ్గురికీ తెలుసు.

మర్నాడు నిచ్చెన తెచ్చుకుందామని వెళ్ళాను. బావ మిల్లు కుళాయి దగ్గర గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. మూడేళ్ళూ ఆ కుళాయి నుంచి క్యాన్లతో నీళ్ళు మోసుకున్నారు. ఎప్పుడు అడిగినా, పోయేవాళ్ళకు పైపెందుకు అనేవాడు.

"బావా, ఇక్కణ్ణుంచి బండి లోపలికి పైపు వేయాలి. గోడ మీదుగానా, నేలలోంచా?"

"నేలలోంచైతే ఎన్నాళ్ళైనా ఉంటుంది" అన్నాను. పైపులు కూడా వేశాను నేను, మా వీధిలో సగం ఇళ్ళకు.

"అయితే నేలలోంచే" అన్నాడు.

కిటికీలోంచి చెల్లెలు చూస్తోంది. ఆయన తవ్వడం మొదలుపెట్టాడు. పక్కలు కనపడవు కాబట్టి ఒక అడుగు తవ్వి, గాడి వంకర పోయిందేమోనని చేత్తో తడిమి, మళ్ళీ తవ్వుతున్నాడు. గడ్డపార ఇవ్వమంటే ఇవ్వలేదు.

"జానెడు లోతు చాలు బావా" అన్నాను.

ఆయన మోకాలి లోతు తవ్వాడు.