వీధి మొత్తానికి వరసలు మార్చిన మంగమ్మ

ముత్తియాల్‌పేటలో మా ఇంటి యజమానురాలు శ్రీమతి సి. మంగమ్మ గారు పోయిన వారం తెల్లవారుజామున కీర్తిశేషులయ్యారు. ముందురోజు సాయంత్రం వాకిట్లో నిలబడి, చెప్పులు అడ్డదిడ్డంగా విడిచానని నన్ను చెడామడా దులిపేసిన మనిషి, మర్నాడు కాఫీ వేళకి లేదంటే నమ్మడం ఎలా? ఆ వార్త చెప్పడానికి వచ్చిన పక్కింటామెని నేను కసురుకున్నాను కూడా. మా వీధిలో ఎవరు బజారుకి వెళ్ళాలన్నా ఆవిడకి చెప్పి వెళ్ళాల్సిందే. ఆవిడ మాత్రం ఒక్కరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. దుఃఖంతో పాటు నాకు కోపం కూడా వచ్చింది, ఇంకా తగ్గలేదు.

ఊళ్ళోని తెలుగువాళ్ళ సంఘంవారు నన్ను పిలిచి, "మాతృభాషకి ఆ మహాతల్లి చేసిన నిరుపమాన సేవని ప్రస్తావిస్తూ నాలుగు మాటలు రాయండి" అన్నారు. ఆవిడకి తెలుగులో తన పేరు రాసుకోవడం కూడా రాదు. ఉగాది సభకి వస్తే ఆవిడ యాసకి ముసిముసిగా నవ్వుకుని చివరి బెంచీలో కూర్చోబెట్టినవాళ్ళు వీళ్ళే. ఇప్పుడు దయామూర్తి అని రాయాలట, సహన స్వరూపిణి అని రాయాలట. దయ సంగతి తరవాత చూద్దాం. సహనం ఆవిడకి లేదు, మాకే అలవాటు చేసింది. అంతగా ప్రాణం తోడేసే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

డెబ్బైల మొదట్లో యానాం నుంచి నాకు ఇక్కడికి బదిలీ అయింది. యానాం కూడా ఈ ప్రభుత్వం కిందిదే గదా, సొంత రాజధానికే పోతున్నాం గదా అనుకుని నేనూ నా భార్య సుబ్బలక్ష్మీ పెట్టెలు పట్టుకుని దిగాం. ఇల్లు అద్దెకి అడిగితే చాలు, ముందు మా మొహాలు చూసేవాళ్ళు, తరవాత మా మాట వినేవాళ్ళు, ఆ తరవాత "గొల్టివాళ్ళా?" అని, తెలుగువాళ్ళకి అక్కడి వెక్కిరింపు పేరుతో, తమలో తాము అనుకుని, మేడమీది గది నిన్ననే ఇచ్చేశామనేవాళ్ళు. ఖాళీ గది కిటికీలోంచి మాకు కనబడుతూనే ఉండేది. అలా తిరిగి తిరిగి ముత్తియాల్‌పేటలో ఒక వాకిటి ముందు నిలబడ్డాం. లోపలినుంచి ఒకావిడ చేతులకి పిండితో వచ్చి, అద్దె మాట ఎత్తకుండా, "నీకు అక్క ఉండాదా?" అని నన్నడిగింది. లేదండీ అన్నాను. "సరి, ఇంక ఉండాది. లోపలికి రా తమ్ముడూ" అంది. అదీ మంగమ్మ.

ఆవిడ పద్ధతే అంత. కొత్తగా ఎవరొచ్చినా ముందు వరస కలపాలి. ఊరూ పేరూ తరవాతి సంగతి. కలిపి ఊరుకుంటే మంచిదే గానీ, పొద్దున్నే వీధి కొళాయి దగ్గర అందరినీ నిలబెట్టి, "ఈయన నా తమ్ముడు, నీకు చిన్నాయన అవతాడు, నీకు మరిది అవతాడు" అని పేరుపేరునా అప్పగించేది. అక్కడితో అయిందా? వరసకి తగ్గట్టు నడుచుకోవాలి. ఎవరింట్లో శ్రీమంతమైనా తమ్ముడు హోదాలో నేను గాజులు పట్టుకెళ్ళాలి. ఎవరింట్లో చావైనా ఆఫీసుకి సెలవు పెట్టాలి. "నాకు అసలు వాళ్ళెవరో తెలీదక్కా" అంటే, "తెలిసినోళ్ళ ఇంటికి ఎవురైనా పోతారు" అనేది. నా భార్యకి మాత్రం ఈ ఏర్పాటు బాగానే కుదిరింది. తమ్ముడి భార్య మరదలు గదా, మరదలికి వేళాకోళం ఆడే హక్కుంది. మంగమ్మ ఒకటంటే ఈవిడ రెండనేది. ఇద్దరూ నవ్వుకుంటూ ఉంటే నేను వార్తలు వినడానికి రేడియో గొంతు పెంచుకోవాల్సి వచ్చేది.

పక్కిల్లు రాజమ్మాళ్‌ది. ఆవిడ తమిళావిడే అయినా, మంగమ్మతో గోడ పంచుకుని ఇన్నేళ్ళు బతికేసరికి ఆవిడకి ఆ తెలుగు పట్టుబడింది. మంగమ్మ ఆవిడని అక్కా అని పిలిచేది. ఆవిడ కొడుకు గోవిందన్ చిన్న వయసులోనే సైగాన్ వెళ్ళి అక్కడ ఏదో కొలువులో కుదురుకున్నాడు. డెబ్బైల నడుమ అక్కడి ప్రభుత్వం కూలిపోయినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. వెంట ఆ దేశపు భార్య లాన్, ఆరేళ్ళ కూతురు.

మా ఊరు గొప్ప ఊరని పుస్తకాల్లో రాస్తారు. సముద్రపు ఒడ్డున సైకిళ్ళ మీద తిరిగే తెల్లవాళ్ళకి మావాళ్ళు వంగి వంగి దణ్ణాలు పెడతారు, దారి అడిగితే ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. అదే ఊళ్ళో, మా వీధి కోడలిగా వచ్చిన లాన్ కొళాయి దగ్గరికి బిందె తెస్తే ఆడవాళ్ళు తమ బిందెలు పక్కకి జరుపుకున్నారు. చప్పిముక్కుది అన్నారు. కప్పల్ని తింటుందన్నారు. ఆమె చేపల ఊట పోసి కూర వండితే వీధి వీధంతా ముక్కులు మూసుకుంది. ఈ ఒక్క విషయంలో మంగమ్మ నోటికి నేను దణ్ణం పెడతాను. నడివీధిలో నిలబడి, "మీరు కరువాడు వేయిస్తే సముద్రందాకా వస్తాదే నాత్తం, అప్పుడు మీ ముక్కులు యాడ పెట్టుకుంటారు?" అని కేకేసింది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని వీధి అది. ముక్కుల మీది కొంగులు ఒక్కొక్కటే దిగాయి.

కానీ వీధి నోరు మూయించినంత తేలిక కాదు రాజమ్మాళ్‌ని ఒప్పించడం. ఆవిడ కోడలి ముక్కు గురించి ఏమీ అనలేదు, కూర గురించీ అనలేదు. "పుట్టిల్లు లేనిదాన్ని ఇంట్లో ఎట్లా పెట్టుకునేది?" అంది. మనవరాలికి అప్పటిదాకా చెవులు కుట్టించలేదు. కుట్టించాలంటే బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. మామ లేడు, సారె తెచ్చేవాళ్ళు లేరు, రేపు పిల్ల పెద్దదైతే చీర పెట్టేవాళ్ళు లేరు. సొంతక్కారులంతా, చుట్టపక్కాలంతా నవ్వుతారు. అందుచేత కొడుకుని అరియాంకుప్పంలో గది చూసుకుని పెళ్ళాన్ని తీసుకుని వేరే పొమ్మంది. గోవిందన్ తల వంచుకుని గది వెతకడానికి బస్సెక్కాడు. ఒక దేశం వదిలి వచ్చిన మనిషిని ఇప్పుడు వీధి కూడా వదలమంటున్నారని లాన్‌కి భాష రాకపోయినా అర్థమైంది. పెరటి మెట్టు మీద కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు కొళాయి దగ్గర మంగమ్మ లాన్ చెయ్యి పట్టుకుని ప్రకటించింది. "ఇది నా కూతురు. దీని పుట్టిల్లు నా ఇల్లే. ఇంక ఎవురైనా ఏందైనా అనాలంటే నాతో అనండి."

రాజమ్మాళ్ గోడ మీదినుంచి తొంగిచూసి, ఇన్నాళ్ళకి దొరికావన్నట్టు అడిగింది. "ఏం మంగా, నేను నీకు అక్కని. నా కొడుకు నీకు కొడుకు వరస. ఇది నీ కూతురైతే అన్నకీ చెల్లెలికీ పెళ్ళి చేసినట్టు గదా అయింది?"

నిండిన బిందెలు ఎవరూ ఎత్తలేదు. పిల్లలు కూడా ఆట ఆపి చూశారు. వరసల విషయంలో అంతటి పొరపాటు మంగమ్మ ఎన్నడూ చేసి ఎరగదు. ఆవిడ మొహం కూడా ఎర్రబడింది. ఎవరైనా అక్కడ ఓడిపోయి ఇంట్లోకి పోతారు. ఈవిడ కాసేపు చీరకొంగు నడుముకి బిగించుకుంటూ ఆలోచించి, "అయితే నువ్వు నాకు అక్కవి కావు. ఈ పొద్దునించి వదినవి. నీ కొడుకు నాకు మేనల్లుడు. నా కూతుర్ని మేనల్లుడికే ఇచ్చినాను. మేనరికం! ఇంతకంటే మంచి సంబంధం యాడ దొరుకుతాది నీకు?" అంది.

సైగాన్‌లో జరిగిన పెళ్ళిని ముత్తియాల్‌పేట కొళాయి దగ్గర మేనరికం చేసిపారేసిన ఘనత ఆవిడది. అక్కడితో ఆగితే నాకేం బాధ ఉండేది కాదు. రాజమ్మాళ్ వదిన కాగానే ఆవిడ చెల్లెళ్ళ పిల్లలూ, వాళ్ళని బట్టి ఎదురింటివాళ్ళూ, వాళ్ళని బట్టి మూలింటివాళ్ళూ అందరి వరసలూ కదిలిపోయాయి. నిన్నటిదాకా పిన్నీ అన్నదాన్ని ఇవాళ అత్తా అనాలి. పిల్లలు ఎవరిని ఏమని పిలవాలో తెలియక దూరంనుంచే పారిపోయేవాళ్ళు.

అసలు దెబ్బ నామీద పడింది. పిల్లకి మేనమామ కావాలి. మేనమామ అంటే లాన్‌కి అన్న, అంటే మంగమ్మకి కొడుకు. ఆవిడకి పిల్లలు లేరు. సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వచ్చి, "తమ్ముడూ, రేపటి నించి నువ్వు నా కొడుకువి" అంది.

"అదేంటక్కా, నాకు నెత్తిన వెంట్రుకలు నెరుస్తున్నాయి!" అన్నాను.

"నెరిసినా కొడుకు కొడుకే. ఒక్కరోజుకే. చెవులు కుట్టేది అయినాక మళ్ళీ తమ్ముడు చేసేస్తా" అంది.

లోపలినుంచి సుబ్బలక్ష్మి గయ్యిమంది. "ఇదేం ఖర్మండీ బాబూ! ఆయన కొడుకైతే నేను కోడల్ని అయిపోనూ? నిన్నటిదాకా మరదల్నని మాటకి మాట అప్పచెప్పాను. ఇప్పుడు అత్తగారికి ఎదురు చెప్పకూడదంటారా?"

"చెప్పకూడదు" అంది మంగమ్మ, తాపీగా.

చెవులు కుట్టిన రోజు నా జన్మలో మరిచిపోలేను. ఆరేళ్ళ పిల్ల ఒళ్ళో ఇమడదు. దాని భాష నాకు రాదు, నా భాష దానికి రాదు. సూది తగలగానే నా మణికట్టు కొరికింది. ఆ గాటు పడిన చేత్తోనే తాంబూలం పట్టుకుని, సుబ్బలక్ష్మి గొణుక్కుంటూ తెచ్చిన సారె లాన్ ముందు పెట్టాను. లాన్ ఆ పసుపు పళ్ళేన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. తరవాత మంగమ్మ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. రాజమ్మాళ్ మొహం తిప్పుకుని కూర్చుంది. కానీ భోజనాల వేళకి తనే లేచి కోడలి విస్తట్లో అప్పడం వేసింది. అరియాంకుప్పంలో గది సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తరవాత మా పాట్లు చెప్పనలవి కాదు. పుట్టిల్లు పక్క గుమ్మమే కావడంతో లాన్ అత్తతో పోట్లాడినప్పుడల్లా నాలుగు బట్టలు మూట కట్టుకుని అలిగి ఇటు వచ్చేసేది. మంగమ్మ ఆమెకి అన్నం పెట్టి, గోడ మీదినుంచి వదినతో జగడమాడి, చీకటి పడేలోగా "పో, నీ మొగుడు అన్నం లేకుండా ఉండాడు" అని తరిమేసేది. ఈ రాకపోకల్లోనే లాన్ తెలుగు నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, యాడ, ఏంది, ఉండాది అంటూ అచ్చం మంగమ్మ గొంతే. సంఘంవారు మాతృభాషా సేవ అడిగారు గదా, రాసుకోండి. ఆ సేవకి నవ్వకుండా కుర్చీ వెయ్యగలరా అన్నది మీరే చూసుకోండి.

నన్ను మళ్ళీ తమ్ముణ్ణి చెయ్యమని ఎన్నిసార్లు అడిగానో! పండగకి అడిగాను, బదిలీ తప్పినప్పుడు అడిగాను. "చూద్దాం ఉండు, పిల్ల పెద్దది కానీ" అనేది. పిల్ల పెద్దదైంది, చీర పెట్టాను. "పెళ్ళి కానీ" అంది. ఆ మాట మీదే పోయింది.

పోయిన రోజు కిరుమాంబాక్కం నుంచి ఎప్పుడో పోయిన ఆవిడ భర్త తరపువాళ్ళు వచ్చారు. ఆవిడ బతికుండగా గుమ్మం తొక్కనివాళ్ళు, వచ్చీ రాగానే పెత్తనం చేతికి తీసుకున్నారు. కూతుళ్ళ వరసైనవాళ్ళు నోట్లో బియ్యం వెయ్యాలి రండని వాళ్ళలో పెద్దాయన పిలిచాడు. లాన్ పిడికిట్లో బియ్యంతో ముందుకొచ్చింది. ఆ వచ్చినవాళ్ళలో ఒకతను చెయ్యి అడ్డం పెట్టి, "ఈ చీనావిడ ఎవరు? బయటివాళ్ళు తరవాత" అన్నాడు. మాటకి పది మాటలు అనే లాన్ వెనక్కి ఒక అడుగు వేసింది. నా ఒళ్ళు మండిపోయింది, నోరు తెరిచాను.

అంతలో గోడ పట్టుకోనిదే లేవలేని రాజమ్మాళ్ ఏమీ పట్టుకోకుండా లేచింది. "యార్రా నువ్వు అడిగేదానికి? ఇది మంగ కూతురు. నా కోడలు. మాది మేనరికం. దీని పుట్టిల్లు పోయిన పొద్దు ఇది, దీన్ని నిలబెట్టి ఎవరని అడుగుతావా? చెయ్యి తియ్యి!"

అతను చెయ్యి తీశాడు. లాన్ బియ్యం వేసి, ఆ చల్లని చెంప నిమిరి, "అమ్మా, ఇంక అలిగితే నేను యాడికి పోయేది?" అని బావురుమంది. నిప్పుకుండ ఎవరు పట్టుకోవాలని ఎవరూ అడగలేదు. తెచ్చి నా చేతిలో పెట్టారు, పట్టుకున్నాను.

ఆవిడ మరణం తీరని లోటని చివర్లో తప్పకుండా రాయమన్నారు. రాస్తున్నాను, నిజం కాబట్టి రాస్తున్నాను. అమ్మా, నిన్ను తలుచుకుంటే దుఃఖం ఆగడం లేదు, విసుగూ ఆగడం లేదు. ఈ లోటు తీరదని నీకు తెలుసు, అయినా తీర్చే పని మా నెత్తిన పడేసి పోయావు. నిన్న మధ్యాహ్నం లాన్ అత్తతో పోట్లాడి, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి, మూటతో వచ్చి మా అరుగు మీద కూర్చుంది. "వదినా, ఆకలేస్తా ఉండాది" అంది. సుబ్బలక్ష్మి నావైపు ఒకసారి చూసి, సణుక్కుంటూనే లేచి, ఇంకో కంచం కడిగింది.