సీసా అలవాటు

మా దీవిలోని బ్రూక్షాబాద్‌లో పక్కింటి అప్పారావు, ఆవుకు కోడెదూడ పుట్టిందని దాన్ని రోడ్డు మీదకు తోలేశాడు. నేను తెచ్చి, పాలపొడి కలిపి సీసాతో పట్టి సాకుతున్నాను. ఈ రోజు పొద్దున్నే తాడు పట్టుకుని వచ్చాడు.

"షిప్పు రాలేదు దీదీ, పాలు దిగే ఇంజక్షన్ దొరకట్లేదు. ఆవు చేపట్లేదు, చుక్క పాలు రావట్లేదు. దూడనోసారి ఇయ్యండి."

తల్లి దగ్గరికే కదా అని నేనే తీసుకెళ్లాను. ఆవు వాసన చూసి తన్నింది. దూడ పొదుగు వైపైనా చూడకుండా వచ్చి నా కొంగు చప్పరించింది.

"సీసా అలవాటు చేసి మీరే పాడుచేసేసారు దీదీ," అన్నాడు.

రేపో మాపో షిప్పు వస్తుంది, ఇంజక్షన్ దొరుకుతుంది, అతను మళ్లీ పాలు పిండుకుంటాడు. దూడను పాడుచేసింది మాత్రం నేనట. మీరేమంటారు?