పడేసి చూసి కొన్న బండి

"ఒకసారి దీన్ని కింద పడేసి చూస్తా," అంది ఉమారాణి.

ఎర్రిస్వామి టీ గ్లాసును నోటి దాకా తీసుకుపోయి అక్కడే ఆపాడు. హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన పాత బండ్లు కొని అమ్మే అంగడి అతనిది. కొనడానికి వచ్చినవాళ్లు మైలేజీ అడుగుతారు, ఇంజన్ చప్పుడు వింటారు, టైరును గోటితో గీరి చూస్తారు. పడేసి చూస్తానన్నవాళ్లు ఇంతవరకు రాలేదు.

"నడిపి చూడక్కా. పడేసేదెందుకు?"

"నడిపేది నాకు వచ్చు. పడినంక లేపేది వచ్చునో రాదో తెలియాల."

పక్కన బల్ల మీద కూర్చున్న ఆమె తండ్రి వెంకటప్ప తలగుడ్డ సర్దుకొని లేచాడు. ఆయన బతుకంతా గొర్రెల సంతల్లోనే గడిచింది. "పాప సరిగ్గానే అడుగుతాంది," అన్నాడు. "సంతలో గొర్రిని కొనేటప్పుడు మేం నోరు తెరిచి పండ్లు చూస్తాం, నడుము పట్టి చూస్తాం, ఎత్తి బరువు చూస్తాం. ఎత్తనియ్యనోని కాడ కొనం. నీ బండికేమబ్బా అంత మర్యాద?"

"గొర్రిని ఎత్తి దించితే గీతలు పడవు కదా పెద్దాయనా."

"గోనెసంచులు ఉండాయి కదా. కింద పరుచు."

ఎర్రిస్వామి టీ గ్లాసు కింద పెట్టి గోనెసంచుల కోసం లోపలికి పోయాడు. ఉమారాణి చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. చూసేవాళ్లకు అది తమాషా. ఆమెకు మాత్రం కాదు.

ఆమె కాపురం పెనుకొండలో. డిగ్రీలో జీవశాస్త్రం చదివి, ఆ తర్వాత పశువైద్యంలో డిప్లొమా చేసి, పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరింది. రామగిరి కొండల కింద పల్లెల్లో గొర్రెల మందలకు టీకాలు వేయడం ఆమె పనిలో పెద్ద భాగం. టీకా మందును ధర్మవరంలో తీసుకోవాలి, ఐసుపెట్టెలో పెట్టుకోవాలి, ఐసు కరగకముందే మంద దగ్గరికి చేరాలి. మందలేమో రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూడవు. మేత ఎక్కడుంటే అక్కడ ఉంటాయి. అక్కడ పని ముగించుకొని, బడి వదిలే వేళకు మళ్లీ పెనుకొండలో ఉండాలి. యూకేజీ చదివే కూతురు మోక్షిత గేటు లోపల చువ్వలు పట్టుకొని చూస్తూ ఉంటుంది. భర్త లోకేష్‌కు కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. అతన్ని నమ్ముకొని ఏ సాయంత్రాన్నీ రాసిపెట్టుకోలేం.

మొదట్లో ఆమెకు స్కూటరు ఉండేది. పెద్ద రోడ్డు మీద లారీ దాటిపోతే ఆ గాలికి స్కూటరు పక్కకు ఊగేది. రాళ్ల దారిలోకి దిగితే దాని చిన్న చక్రాలు ప్రతి గుంతనూ పలకరించేవి. ఐసుపెట్టెలో సీసాలు ఒకదాన్నొకటి కొట్టుకునే చప్పుడుకు ఆమె పండ్లు బిగుసుకుపోయేవి.

పోయిన వానాకాలంలో ఆ స్కూటరు మెకానిక్కు దగ్గర ఉన్న రోజున ఆమె లోకేష్ పెద్ద బండిని తీసుకుపోయింది. ఇనుమంతా దాని ఒంట్లోనే ఉన్నట్టుండే బండి అది. తిరుగుదారిలో, వాన పడితేనే పారే ఒక వంక దాటుతుంటే ఇసుకలో ముందు చక్రం దిగబడింది. బర్రె పడుకున్నట్టు నిదానంగా ఒరిగిపోయింది బండి. ఆమెకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఎంత లాగినా బండి లేవలేదు. ఫోనులో సిగ్నలు లేదు. మేకలు తోలుకుంటూ ఇద్దరు మనుషులు అటు వచ్చేదాకా ఆ ఇసుకలోనే కూర్చుంది.

పెనుకొండ చేరేసరికి బడి గేటు మూసేశారు. వరండా మెట్ల మీద ఆయా పక్కన మోక్షిత కూర్చుని ఉంది. భుజాల మీది సంచి కూడా తీయలేదు. ఏడవలేదు. మరుసటి రోజు పొద్దున బూట్లు వేయించుకుంటూ మాత్రం అడిగింది.

"అమ్మా, ఈ రోజు బండి పడుతుందా?"

ఆ ప్రశ్న ఆ రోజుతో అయిపోలేదు. ప్రతి పొద్దునా బూట్ల లేసులతో పాటే వచ్చేది. పడదు అని చెప్పడం సులభమే. కానీ రెండు చక్రాల మీద నిలబడే ఏ వస్తువైనా ఎప్పుడో ఒకప్పుడు పడుతుందని ఉమారాణికి తెలుసు. తెలిసి తెలిసి పిల్లకు అబద్ధం చెప్పడానికి నోరు వచ్చేది కాదు. "పడినా నేనే లేపుకొని వస్తా" అని చెప్పాలని ఉండేది. అది అప్పటికి నిజం కాదు. ఆ ఒక్క మాటను నిజం చేసుకోవడానికే ఆమె హిందూపురం వచ్చింది.

లోకేష్‌కు ఇది నచ్చలేదు. "హైవే మీద బరువుండే బండే మేలు," అన్నాడు. ఆసుపత్రిలో తోటివాళ్లు "తేలికపాటిది తీసుకో, పడినా చేత్తో లేపొచ్చు," అన్నారు. ఇద్దరి మాటా సగమే నిజమని ఆమెకు అనిపించింది. తేలికది కొండదారిలో మాట వింటుంది, పెద్ద రోడ్డు మీద వణుకుతుంది. బరువైనది పెద్ద రోడ్డు మీద కుదురుగా పోతుంది, ఇసుకలో పడితే లేవనంటుంది. ఆమెకు ఒకే రోజులో రెండు దారులూ ఉన్నాయి. పొడుగు కాళ్లు, పెద్ద ముందు చక్రం, మరీ బరువూ కాక మరీ తేలికా కాక మధ్యస్తంగా ఉండే అడ్వెంచర్ బండ్లు ఉన్నాయని ఫోనులో వీడియోలు చూసి తెలుసుకుంది. వీడియోల్లో వాటిని నడిపేవాళ్లంతా మంచుకొండల్లో తిరిగేవాళ్లే. గొర్రెలకు టీకాలు వేసేవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

ఎర్రిస్వామి అంగట్లో అలాంటిది ఒకటే ఉంది, మూలన దుమ్ము పట్టి.

"బెంగుళూరు సాఫ్ట్‌వేర్ పిల్లోనిదక్కా ఇది," అన్నాడు సంచులు పరుస్తూ. "లడాఖ్ పోవాలని కొన్నాడు. ఊరు పక్కనుండే నంది హిల్స్ దాకా పోయినాడు. అంతలో పెండ్లయింది. బండి ఈడికొచ్చింది."

ఆమె ముందు ఎక్కి చూసింది. ఒకపక్క కాలు ఆనితే రెండోపక్క కాలు గాల్లో ఉంది.

"కాళ్లు అందవు కదక్కా."

"ఒక కాలు అందితే చాలు. రెండు కాళ్లూ ఆనించి నిలబడేటట్టయితే బండి ఎందుకు?"

టీ అంగడి దగ్గరున్నవాళ్లు, పంక్చర్లు వేసేవాళ్లు చుట్టూ చేరారు. బండిని కుడిపక్కకు మెల్లగా పడుకోబెట్టారు. ఉమారాణి వంగి రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని లాగింది. బండి కొంచెం లేచి, ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్లీ పడుకుంది. ఇంకోసారి లాగింది. ముఖం ఎర్రబడింది. మెట్ల మీద సంచి తీయకుండా కూర్చున్న పిల్ల కళ్ల ముందు మెదిలింది.

"చేతుల్తో కాదు పాపా," అన్నాడు వెంకటప్ప. "శనక్కాయ మూటను ఎట్ల ఎత్తుతాం? మూటతో ముఖాముఖి కొట్లాడతామా? వీపు తిప్పు. కూర్చో. కాళ్లతో లెయ్."

ఆమె బండికి వీపు తిప్పింది. సీటు అంచుకు నడుము ఆనించి గొంతుకూర్చుంది. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకుంది. కాళ్లు బిగించి వెనక్కి వెనక్కి అడుగులు వేసింది. బండి లేచింది. లేచిన ఊపులో నిలబడక రెండోవైపుకు వాలింది. ఎర్రిస్వామి ఎగిరి వచ్చి దాన్ని కౌగిలించుకున్నాడు.

"రెండుపక్కలా పడేసి చూస్తావనుకోలేదక్కా," అన్నాడు దాన్ని అలాగే పట్టుకుని. అందరికంటే ముందు ఉమారాణే నవ్వింది.

బండిని మళ్లీ కుడిపక్కకే పడుకోబెట్టమంది. ఈసారి ఆమె తొందరపడలేదు. చుట్టూ తిరిగి చూసింది. పక్కస్టాండు ఎడమవైపు ఉంది. బండి కుడివైపు పడి ఉంటే ఆ స్టాండు పైకే ఉంటుంది కదా. ముందే దాన్ని తెరిచి పెట్టింది. చక్రాలు దొర్లకుండా గేరు వేసింది. తర్వాత వీపు తిప్పి లేపింది. బండి అటు వాలి, స్టాండు మీద బుద్ధిగా నిలబడింది.

వెంకటప్ప దాని సీటు మీద రెండుసార్లు తట్టాడు. మంచి పొట్టేలు దొరికినప్పుడు ఆయన అలాగే తడతాడు. "తోలుకుపోదాం," అన్నాడు.

ఆ తర్వాత ఉమారాణి పొద్దులు మారిపోయాయి. పెద్ద రోడ్డు మీద లారీలు దాటిపోయినా బండి తన గీత తాను తప్పేది కాదు. పల్లెదారిలోకి దిగినాక ఆమె ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడేది. రాళ్లన్నీ కింద చక్రాలకే తెలిసేవి, నడుము దాకా వచ్చేవి కావు. ఐసుపెట్టెలో సీసాలు మాట్లాడుకోవడం మానేశాయి. మందల దగ్గర మొదటిసారి బండి చప్పుడుకు గొర్రెలు చెదిరిపోతే, ఓబుళప్ప అనే ముసలి కాపరి వాటిని తిరిగి పోగుచేసుకుంటూ, "ఏమమ్మా, సూదేసే దానికి గుర్రమెక్కి వస్తాండావు, యుద్ధమేమన్నా ఉండాదా?" అన్నాడు. రానురాను ఆ చప్పుడు వినబడగానే గొర్రెలు చెదరకుండా, ముందే దిగులుగా ఒకచోట చేరడం మొదలుపెట్టాయి.

కానీ పొద్దున బూట్ల దగ్గరి ప్రశ్న మాత్రం ఆగలేదు.

"పడితే నేనే లేపుకొని వస్తా," అనేది ఉమారాణి ఇప్పుడు ధైర్యంగా.

"నువ్వు లేపింది అంగట్లో కదా," అనేది మోక్షిత. "ఆడ తాత ఉన్నాడు. ఎర్రిస్వామి మామ ఉన్నాడు. వంకలో ఎవరుంటారు?"

ఉమారాణి లేసుల ముడి బిగించేది. పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు.

పిల్లకు జవాబు ఓబుళప్ప మందకు టీకాలు వేసి వస్తున్న ఒక మధ్యాహ్నం దొరికింది. ముందురోజు వాన పడి వంకలో ఇసుక తడిగా ఉంది. గట్టిగా ఉందనుకుని పోనిచ్చింది. సగం దాటాక ముందు చక్రం కూరుకుపోయింది, బండి కుడిపక్కకు పడింది. ఆమె కూడా దాని పక్కనే పడింది. ఇంజన్ ఆగిపోయాక అంతా నిశ్శబ్దం. దూరంగా కొండమీద గాలిమరలు తిరుగుతున్నాయి. మనిషి అలికిడి ఎక్కడా లేదు.

లేచి కాళ్లూ చేతులూ చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. గుండె మాత్రం బడి గేటు దగ్గరికి పరుగెత్తింది. దాన్ని వెనక్కి పిలుచుకుని, ఎర్రిస్వామి అంగడిని గుర్తుచేసుకుంది. స్టాండు తెరిచింది. గేరు వేసింది. వీపు తిప్పి కూర్చుని కాళ్లు బిగించింది. బండి కదిలింది కానీ తడి ఇసుకలో మడమలు జారిపోయాయి. అంగట్లో సిమెంటు నేల. ఇది వంక.

ఒక్క నిమిషం బండికి ఆనుకునే కూర్చుంది. తర్వాత గట్టెక్కి పోయి బందారు పొదల కొమ్మలు విరుచుకొచ్చి, కాళ్లు పెట్టే చోట దట్టంగా పరిచి తొక్కింది. మళ్లీ వీపు తిప్పింది. ఈసారి మడమలకు పట్టు దొరికింది. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు. నడుము మీద బరువు మెల్లగా తేలికవుతూ వచ్చి, ఉన్నట్టుండి మాయమైంది. వెనక్కి తిరిగి చూస్తే బండి స్టాండు మీద నిలబడి ఉంది, ఏమీ జరగనట్టు.

చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఉమారాణి గట్టిగా అరిచింది. కొండ కూడా తిరిగి అరిచింది. రెండు చేతులతో బండి మీది ఇసుక తుడిచి, ఐసుపెట్టె కట్టిన తాళ్లు చూసుకుని బయలుదేరింది. పెద్ద రోడ్డెక్కినాక కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. హెల్మెట్ లోపల ఎవరికి కనబడుతుందిలే అని ఆపుకోనూ లేదు.

బడి అప్పుడే వదిలారు. మోక్షిత గేటు దాటి వచ్చి, అమ్మ చొక్కా చేతికి అంటిన ఇసుకను చూసింది. పక్కకు తిరిగిపోయిన అద్దాన్ని చూసింది.

"పడిందా?"

"పడింది."

"ఎవరు లేపినారు?"

"నేనే."

"తాత లేడా?"

"వంకలో తాత యాడుంటాడే."

మోక్షిత ఆ ఇసుకను వేలితో అద్దుకుని చూసుకుంది. అమ్మ చెప్పింది నిజమేనని తేలినట్టుంది. వెంటనే వెనక్కి పరుగెత్తి గేటు దగ్గరున్న పిల్లలందరికీ వినబడేలా చెప్పింది: "మా అమ్మ బండి పడిందీ."

ఆ రోజు సాయంత్రమే ఫోనులో సంగతి విన్న వెంకటప్ప ఆదివారం పెనుకొండ వచ్చాడు. ఆయన వచ్చేసరికి మోక్షిత వాకిట్లో గోనెసంచి దొరకక, తీగ మీద ఆరేసిన వాళ్ల నాయన లుంగీని నేలమీద పరిచి, తన చిన్న సైకిలును దానిమీద కుడిపక్కకు పడుకోబెట్టింది. స్టాండు తెరిచింది. వీపు తిప్పి గొంతుకూర్చుని, మూలుగుతూ లేపింది. లేపినదాన్ని మళ్లీ పడేసింది. ఉమారాణి అరుగు మీద కూర్చుని చూస్తోంది. వద్దనలేదు.

షిఫ్టు ముగించుకుని వచ్చిన లోకేష్ గేటు దగ్గరే తన పెద్ద బండి ఆపి, నేలమీద లుంగీని చూశాడు, కూతుర్ని చూశాడు.

"ఇదేం పని పాపా?"

"నేర్చుకుంటాండా నాయనా. నిన్న బూట్లు వేసుకునేటప్పుడు అమ్మకు చెప్పినా, పడితే పడుగానీ మెత్తని చోట చూసుకుని పడమని."

ఉమారాణి అవునన్నట్టు తలూపింది.

వెంకటప్ప తలగుడ్డ విప్పి దులిపి, అల్లుని బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఏమప్పా లోకేషూ, లుంగీ ఎట్లన్నా పరిచే ఉండాది. నీ బండిని కూడా ఒకసారి పడేసి చూద్దామా?"

లోకేష్ బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.