మాస్టారి పట్టు

అమలాపురం డ్రిల్లు మాస్టారు వరప్రసాదం గారు బక్కపలచని మనిషి. కింద పడుకునే పెద్ద పెద్ద వస్తాదుల్ని ఓడించే బ్రెజిల్ కుస్తీవీరుడు రాయిస్ గ్రేసీ పోటీల సీడీ ఒకటి సంపాదించి, రోజూ పొద్దున్నే చూసి, పెరట్లో చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లతో దిండుకి పట్లు వేసేవారు. భార్య జయమ్మ నవ్వుకునేది. ఒకరోజు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో, లారీలకు కాయలెత్తే భీమరాజు ఈ సాధన సంగతి విని, "కింద పడ్డాక ఇంకేం కుస్తీ అండీ?" అని పదిమందిలో ఎగతాళి చేశాడు. మాస్టారు చొక్కా విప్పి మడిచిపెట్టి, పీచుకుప్ప మీద పడుకుని, "రావయ్యా" అన్నారు. భీమరాజు దున్నలా మీదపడ్డాడు. మరుక్షణం మాస్టారి కాళ్లు అతని మెడనూ ఒక చేతినీ కలిపి బిగించేశాయి. ఊపిరాడక అతను వదలమని పీచు మీద తట్టాడు. మాస్టారు వెంటనే వదిలేసి వీపు నిమిరారు.

"నాక్కూడా నేర్పుతారా అండీ?" అన్నాడు భీమరాజు.

ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నేర్పమని ఒకరు అడగడం అదే మొదలు.

"ఆయ్, ఇప్పుడే!" అన్నారు మాస్టారు.