కాలువ అవతలి వంద మీటర్లు

మేము కాలువ గట్టుకు చేరేసరికి ఉదయం పది దాటింది. నాలుగు లారీలు, ఒక జీపు, ఇరవై రెండు మందిమి. వాన ఆగింది కానీ నేల ఆరలేదు. లారీలోంచి మొదట దూకింది నేనే. పిక్కల దాకా నల్లరేగడిలో దిగబడ్డాను. కాలు పైకి వచ్చింది, బూటు మట్టిలోనే ఉండిపోయింది. అది నా జిల్లా మట్టి. పన్నెండేళ్ల సర్వీసులో మంచులో పనిచేశాను, ఇసుకలో పనిచేశాను. సొంత జిల్లాకు డ్యూటీ మీద రావడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

మా ఊరు ఏర్గట్లలో అందరూ నన్ను సరిహద్దు గురించి అడుగుతారు. కాల్పుల గురించి అడుగుతారు. అవీ చెబుతాను. కానీ ఎవరూ అడగని సంగతి ఒకటుంది. బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య రోడ్డు వేసిన సంగతి.

నేను సైన్యంలో ఇంజినీర్ల విభాగంలో హవల్దారును. తొంభైల్లో ఒక పెద్ద వానాకాలం అది. నిజాంసాగర్ నీళ్లు తెచ్చే కాలువకు గండి పడి, పాత వంతెన కొట్టుకుపోయింది. చెరుకు కాలువకు అవతల, చక్కెర ఫ్యాక్టరీ ఇవతల. కోతలు దగ్గరపడ్డాయి. జిల్లా అధికారులు సైన్యాన్ని పిలిచారు. మాకంటే ముందు వచ్చిన దళం ఇనుప వంతెన వేసి వెళ్లింది. వంతెన గట్టిగానే నిలబడింది. దాని దగ్గరికి చేరే దారే లేదు. రెండు వైపులా కలిపి మూడు వందల మీటర్ల బురద. అది మా వంతు.

కొత్త డాంబరు అంత త్వరగా దొరికేది కాదు. డిచ్‌పల్లి దగ్గర హైవే వెడల్పు చేస్తున్నారు. తవ్వితీసిన పాత డాంబరు పెచ్చులు రోడ్డు పక్కన కొండల్లా పడి ఉన్నాయి. వాటిని తెచ్చి, పగలగొట్టి, ఇనుప రేకుల మీద కట్టెలతో వేడిచేసి, కాస్త కొత్త డాంబరు కలిపి పరవాలి. ఎన్ని లారీలు కావాలో సాయంత్రానికల్లా చెప్పాలని కెప్టెన్ సాబ్ ఆర్డరు. ఆయన ఉత్తరాది మనిషి. సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు.

"ఒక్కసారే అడుగుతాం. తక్కువ పడితే రెండోసారి ఇవ్వరు. ఎక్కువైతే ఇంకో ఊరి రోడ్డు మన దగ్గర వృథాగా పడి ఉంటుంది," అన్నాడు హిందీలో.

కుప్పను చూసి అంచనా వేస్తే మోసపోతాం. పెచ్చుల మధ్య సగం గాలి ఉంటుంది. రోలరు తొక్కితే జానెడు ఎత్తు నాలుగు అంగుళాలవుతుంది. అందుకని తొక్కిన తర్వాతి కొలతతో మొదలుపెట్టాను. పొడవు మూడు వందల మీటర్లు, వెడల్పు నాలుగు, మందం పది సెంటీమీటర్లు. నూట ఇరవై ఘనపు మీటర్లు. గట్టిపడిన డాంబరు ఘనపు మీటరుకు రెండు టన్నుల పైచిలుకు తూగుతుంది. మొత్తం రెండు వందల అరవై నాలుగు టన్నులు. లారీకి ఎన్ని టన్నులు పడతాయో తెలియాలి కదా. ఒక లారీ నింపించి తీసుకెళ్లి చెరుకు కాటా మీద ఎక్కించాను. ఎనిమిది టన్నులు. కాటా మనిషి నవ్వాడు.

"గీ చెరుకు మస్తు నల్లగున్నది సాబ్. రసం ఎల్తదా?"

రాలిపోయేదానికి, దిగబడేదానికి పదో వంతు కలిపాను. ముప్పై ఆరు లారీలు. మా బండ్లు బురదలో కూరుకుపోకుండా క్యాంపులో పరచడానికి ఇంకో రెండు. కెప్టెన్ సాబ్ ఒకసారి చూసి తలూపాడు. మా వైర్‌లెస్ ఆపరేటరు నాందేడ్ వాడు. సెట్టు ముందు కూర్చుని డిచ్‌పల్లిలో ఉన్న మావాళ్లకు చెప్పాడు. "ముప్పై ఎనిమిది. మూడు, ఎనిమిది. ఓవర్." అటునుంచి జవాబు వచ్చింది. "అందింది. ఇక్కడ వాన మొదలైంది. ఓవర్."

రోలరు మాది కాదు, రోడ్ల శాఖది. దాని డ్రైవరు యోహాను. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కాలువ అవతల గట్టు కింద పది పన్నెండు ఇళ్ల క్రైస్తవుల వాడ ఉంది. అతని ఇల్లు అక్కడే. నేను అన్నా అనేవాణ్ని. సాబ్ అనవద్దని ఎంత చెప్పినా వినేవాడు కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అతని భార్య రూతమ్మ అన్నం గిన్నె తెచ్చింది. వంతెన మీదుగా నెమ్మదిగా నడిచి వచ్చింది. చేతివేళ్లు సగం వరకే ఉన్నాయి. గిన్నెను రెండు మణికట్ల మధ్య పట్టుకుంది. వంతెన ఇనుప పలకల మీద ఆమె వెనక ఎర్రటి మరకలు కనబడ్డాయి.

"అక్కా, కాలికి రక్తం కారుతున్నది," అన్నాను.

ఆమె ఆగి, కిందికి చూసుకుంది. "అవునా తమ్మీ? సూడలే."

నొప్పి లేదు ఆమెకు. చిన్నప్పుడు కుష్ఠు వచ్చిందట. డిచ్‌పల్లి దవాఖానలో ఏళ్లపాటు ఉండి నయమైంది. రోగం పోయింది, పోయిన స్పర్శ తిరిగి రాలేదు. దవాఖానవాళ్లు మెత్తటి రబ్బరు చెప్పులిచ్చారు. బురద వాటిని లాగేసుకుంది. గండి పడ్డప్పుడు వాడకు పోయే దారి కొట్టుకుపోయి, పాత వంతెన రాళ్లు, కంకర అక్కడ తేలాయి. వాటి మీద నడిస్తే కాలు తెగుతుంది. తెగినట్టు ఆమెకు తెలియదు. పుండు పెద్దదైతే కాలే తీసేయాల్సి వస్తుంది.

యోహాను రోలరు దిగి వచ్చాడు. తలగుడ్డ చింపి భార్య పాదానికి కట్టాడు. "ఇంట్ల ఉండుమంటే ఇనదు సాబ్," అన్నాడు.

"నువ్వు ఆకలికుంటే నేను తినాల్నా?" అంది ఆమె.

ఆ సాయంత్రం వంతెన చివరి నుంచి వాడ దాకా టేపు పట్టాను. వంద మీటర్లు. రోలరు పట్టేంత వెడల్పు రెండు మీటర్లు. మనుషులు నడవడానికి మందం ఐదు సెంటీమీటర్లు చాలు. ఇరవై రెండు టన్నులు. నేను పదో వంతు కింద కలిపింది ఇరవై ఆరు.

కెప్టెన్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టీ తాగుతున్నాడు.

"మనకొచ్చిన ఆర్డరు వంతెనకు దారి వేయమని. ముందు అది కావాలి. ఆ తర్వాత ఏం మిగిలితే అది నీది. ఏమీ వృథా చేయకండి, అంతే," అన్నాడు.

మావాళ్లకు చెప్పాను. ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. మర్నాటి నుంచి లారీ ఖాళీ అయ్యాక డ్రైవర్లు లోపల చీపురుతో ఊడ్చారు. రేకుల చుట్టూ రాలిన పొడిని తట్టల్లోకి ఎత్తారు. వంటవాడు కూడా పొద్దున్నే దారిలో పడిన పెచ్చులు ఏరుకొచ్చి కుప్పలో వేసేవాడు. వాడలోని మనుషులు మొరం తెచ్చి, రాళ్లు ఏరి, వంద మీటర్ల దారి చదును చేశారు. మేము చేయమనలేదు. ఎందుకు టేపు పట్టామో వాళ్లే అర్థం చేసుకున్నారు.

తర్వాత ముసురు పట్టింది. రెండు రోజులు వదల్లేదు. బోధన్ వైపు వేసిన దారిలో ఒక ముక్క రేగడిలోకి కుంగిపోయింది. మళ్లీ మొరం నింపి, మళ్లీ పెచ్చులు వేశాం. కుంగింది. ఇంకోసారి వేశాం. అప్పటికి నిలబడింది. మిగిల్చినదంతా దాదాపు ఆ గుంతే మింగింది. కుప్ప దగ్గరికి వెళ్లి చూశాను. ఒక లారీకి సరిపడా ఉందేమో. మూడు కావాలి.

యోహాను పక్కకు వచ్చి నిలబడ్డాడు. "పోనియ్ సాబ్. ముందుగాల చెరుకు బండ్లు పోవాలె. నేను రూతమ్మను సైకిల్ మీద ఎక్కించుకపోత. ఇన్నేండ్లు పోలేదా?"

మిగిలిన కుప్ప తడవకుండా టార్పాలిన్ కప్పించాను.

మర్నాడు మొదటి చెరుకు బండి వంతెన దాటింది. ఎడ్ల కొమ్ములకు రంగు కాగితాలు కట్టి ఉన్నాయి. బండివాడు మాకు తలా ఒక గడ విసిరాడు. పని అయిపోయింది. క్యాంపు ఎత్తేయమని ఆర్డరు వచ్చింది. గుడారాల తాళ్లు విప్పుతూ వైర్‌లెస్ ఆపరేటరు కాలితో నేలను తట్టాడు.

"హవల్దార్ సాబ్, దీన్ని కూడా ఇక్కడే వదిలేసి పోతామా?"

కింద చూశాను. బండ్ల కోసం పరిచిన రెండు లారీల డాంబరు పెచ్చులు. పదహారు టన్నులు. ఒకసారి హైవే మీంచి పీకి తెచ్చినదే. మళ్లీ పీకితే ఏమవుతుంది? కుప్పలో ఉన్న ఎనిమిదీ కలిపితే ఇరవై నాలుగు.

కెప్టెన్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన జీపు ఎక్కబోతున్నాడు. ఆగాడు. వాడ వైపు చూశాడు.

"క్యాంపు స్థలం మునుపు ఎలా ఉందో అలాగే అప్పగించాలి కదా?"

"అవును సాబ్."

"మునుపు బురదే ఉంది. బురదే అప్పగించండి." తర్వాత జీపులోంచి సామాను దింపించాడు. "రేపు వెళ్దాం."

ఆ పగలంతా గడ్డపారలతో మా కింది నేల మేమే పెకలించాం. బండ్లు బురదలో దిగబడ్డాయి. వంటవాడు మడమ లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు కాల్చాడు. వాడ ఆడవాళ్లు తట్టలు మోశారు. పెద్ద పెచ్చులు అడుగున వేసి, పైన జల్లెడ పట్టిన సన్నటి పొడి వేడిచేసి పరిచాం. కాలికి గుచ్చుకునేది ఏదీ పైకి తేలకూడదని చెప్పాను. యోహాను రోలరు ఎక్కాడు. పెద్ద రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కించినవాడు ఆ వంద మీటర్ల మీద ఎన్నిసార్లు పోయి వచ్చాడో నేను లెక్కపెట్టలేదు. పొద్దు వాలుతుండగా ఇంజను ఆపాడు. దిగి, చెప్పులు విడిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. ఒకచోట వంగి, వేలితో ఏదో గీరి తీసి పారేశాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకున్నాడు.

"తమ్మీ," అన్నాడు. సాబ్ అనలేదు.

మర్నాడు ఎండ కాసింది. మధ్యాహ్నానికి లారీలు కదిలాయి. నిజామాబాద్ స్టేషను, అక్కడినుంచి రైలు, మళ్లీ మంచు. ఇంకో ఎనిమిదేళ్లు చేసి ఏర్గట్లకు తిరిగొచ్చాను. పసుపు పండిస్తున్నాను. మెడల్స్ పెట్టెలో ఉన్నాయి. కొండల మీద చూసినవి చాలా వరకు మసకబారాయి.

ఇది మాత్రం మసకబారలేదు. నేను చివరి లారీలో వెనక కూర్చున్నాను. రూతమ్మ వాడలోంచి వచ్చి ఆ దారి మొదట్లో కూర్చుంది. జాకెట్టు చేయి పైకి మడిచి, ఒంగి, నల్లటి డాంబరు మీద మోచేయి ఆనించింది. ఆమె అరచేతులకు వేడి తెలియదు. నీళ్లు కాగాయో లేదో మోచేత్తో చూసుకోమని దవాఖానలో నేర్పారట. ఎండకు దారి వెచ్చబడి ఉంది. పక్కన యోహాను నిలబడి ఆమెను ఏదో అడిగాడు. ఇంజను చప్పుడులో నాకు వినబడలేదు. ఆమె మోచేయి తీయకుండా, కళ్లు మూసుకుని, అలాగే కాసేపు కూర్చుంది.