హేమ తీసిన నాయన ఫోటో

నిన్న పొద్దున టిఫిన్ తింటుంటే మెసేజ్ వచ్చింది.

స్క్రీన్ మీద అక్షరాలు నాకు ఆనవు. ఫోనే చదివి వినిపిస్తుంది. బ్యాంకు మెసేజ్ అయినా, పండగ శుభాకాంక్షలైనా దానిది ఒకటే గొంతు.

అదే గొంతుతో చదివింది. "హేమ ఇక లేదు. తెల్లవారుజామున పోయింది." వెంటనే, "ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్." దండం పెట్టే బొమ్మల్ని అది అలాగే చదువుతుంది.

మళ్ళీ చదివించాను.

మళ్ళీ.

డెంగీ అని ఆస్పత్రిలో చేర్చిన సంగతి తెలుసు. మొన్న ఫోన్‌లో మాట్లాడింది కూడా. "ఈడ ఇడ్లీలో ఉప్పే లేదన్నా" అని నవ్వింది. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేస్తుందనే అందరం అనుకున్నాం.

హేమను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పెరంబూరు అమ్మాయి. బీఏ ఆఖరి సంవత్సరం. తరాలుగా ఇక్కడే, తమిళుల మధ్య ఉంటున్న తెలుగు కుటుంబం. వాళ్ళ నాయన రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డర్. హేమకు పుట్టుకతోనే చూపు లేదు. నాకు ఒక కంట్లో మసగ్గా కొంచెం ఉంది. మాలాంటివాళ్ళ కోసం మైలాపూరులో శనివారాలు ఫోటోగ్రఫీ క్లాసు పెడితే అక్కడ పరిచయమయ్యాం. సినిమాలకు స్టిల్స్ తీసి రిటైరైన రఘు సార్ నేర్పేవారు.

క్లాసులో చేరతానంటే ఇంట్లో గొడవైందట.

"కండ్లు కనపడనిదానికి కెమెరా ఏందిమ్మా? నలుగురూ నవ్వరా?" అన్నాడట నాయన.

"నవ్వేవాళ్ళను నువ్వు చూసుకో నాయనా. నాకెట్లాగూ కనపడరు" అందట హేమ.

చేరింది.

ఎవరినైనా ఫోటో తీయాలంటే ముందు వాళ్ళను మాట్లాడించేది. గొంతు ఎటు నుంచి వస్తోందో విని, ఫోన్‌ను గుండెలకు ఆనించి అటు తిరిగేది. ఎండ ఏ వైపు ఉందో చెంపకు తగిలే వేడిని బట్టి చెప్పేది. తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు.

ఒకసారి మా అందరి ఫోటోలతో ఎగ్జిబిషన్ పెట్టాలనుకున్నారు. హేమ ఇచ్చిన ఫోటోలో వాళ్ళ నాయన డ్యూటీ నుంచి వచ్చి గడప మీద కూర్చున్నాడు. దుమ్ము పట్టిన బూట్లు. లేసులు విప్పుతున్న చేతులు, వాటి నిండా నిప్పురవ్వలు పడిన మచ్చలు. పక్కన కాఫీ గ్లాసు.

భుజాల పైన ఏమీ లేదు.

రఘు సార్ మెల్లగా చెప్పారు. "బాగుందమ్మా. కానీ నాన్న తల కట్ అయింది. ఇంకోటి తీద్దాం. నేను పక్కనుండి చెబుతాను."

"తల లేకుంటే ఏం సార్? నాకు నాయనంటే అదే. బూట్ల చప్పుడు, ఆ చేతులు. ముఖం నేనెప్పుడు చూసినా? మీరు చెప్పినట్టు తీస్తే అది మీ ఫోటో అయిపోతాది."

రఘు సార్ ఫోటోను బల్ల మీద పెట్టారు.

"పెట్టేదుంటే అట్లే పెట్టండి సార్. లేకుంటే నాది వద్దు."

కోపంగా అనలేదు.  ఆ ఎగ్జిబిషన్ కోసం తను ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు.

జీవితమంతా హీరోల ముఖాలకు లైట్లు సరిచేసిన మనిషి రఘు సార్. ఆ ఫోటోను మళ్ళీ చేతిలోకి తీసుకుని బూట్ల నుంచి భుజాల దాకా చూశారు. చివరికి, "నువ్వు చెప్పిందే కరెక్టు. ఉన్నదున్నట్టే ప్రింట్ వేయిద్దాం" అన్నారు.

రానని భీష్మించిన నాయన ఎగ్జిబిషన్‌కు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చి, తన ఫోటో పక్కన నిలబడ్డాడు. ఇక కదలలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ తమిళంలో, తెలుగులో చెబుతూనే ఉన్నాడు, ఇది నేనే, మా పాప తీసింది అని.

కాసేపు కూర్చోండి అంటే, "తల లేదు గదప్పా! అది నేనేనని ఎవురికి తెలుస్తాది? చెప్పొద్దా?" అన్నాడు.

వెనక కుర్చీలో కూర్చున్న హేమ నా చెయ్యి గిల్లింది. "వింటా ఉండావా అన్నా, ఎంత గట్టిగా చెప్తా ఉండాడో!"

ఈ పోస్ట్‌తో పెట్టిన ఫోటో కూడా హేమ తీసిందే.

నా కన్ను ఒకటి పక్కకు తిరిగి ఉంటుంది. అందుకని ఫోటో అంటేనే తప్పుకునేవాణ్ణి. క్లాసు తరఫున అందరం ఎన్నూరు సముద్రం ఒడ్డుకు వెళ్ళినప్పుడు హేమ వదల్లేదు. "సుమ్మా, ఊరికే నిలబడొద్దన్నా, ఏమన్నా చెప్పు" అంది. బట్టల షాపు ముందున్న బొమ్మను మా మేనమామ అనుకుని క్షేమసమాచారాలడిగిన కథ చెప్పాను. తను నవ్వు ఆపుకోలేక నొక్కింది.

చూడలేనివాళ్ళ కోసం: సముద్రం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. వెనక లారీ, పవర్ స్టేషన్ పొగ. మధ్యలో నేను, నోరు బార్లా తెరిచి నవ్వుతున్నాను. కన్ను దాని దారిన అది ఎటో చూస్తోంది.

ఆ ఫోటోను నేను కంటికి దగ్గరగా పెట్టుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో. నాలాగా ఉన్న ఫోటో నాకు అదొక్కటే.

నిన్న మధ్యాహ్నం పెరంబూరు వెళ్ళాను. దండ వేయడానికి ఫోటో వెతుకుతున్నారు. కాలేజీ ఐడీ కార్డుది పెద్దది చేయిద్దామని బంధువులు అంటున్నారు. నాయన హేమ ఫోన్ తెచ్చి, అందులో హేమ తనను తాను తీసుకున్న ఫోటో చూపించాడు. ఒక చెంప, చెవి కమ్మ, మల్లెపూలు. మిగతాదంతా కిటికీలోంచి పడుతున్న వెలుతురు.

"ముఖం సగమే ఉంది గద మామా" అన్నారెవరో.

"ఉండనీ. ఆ పొద్దు కిటికీ కాడ ఎండ బాగుందని తీసుకునింది. ఆ ఎండతోనే పెట్టండి" అన్నాడాయన.

అలాగే పెట్టారు.

వెళ్ళిరా హేమా. సూదులూ జ్వరాలూ లేని చోట నీ ప్రాణం చల్లగా ఉండాలి, తల్లీ.